కుంకుడు నురగ వెళ్లిన దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో, వాగు ఒడ్డున ఒక బడి. జంతువులకు బడేమిటని నవ్వకండి, వాళ్లు మీకంటే వేళకు వచ్చేవాళ్లు!

ఆ బడి గురువుగారు భద్రమ్మ అనే ఏనుగు. ఆమెకు శుభ్రమంటే ప్రాణం. రోజూ పొద్దున్నే పిల్లలు కుంకుడుకాయలు నలగ్గొట్టి, పులుసు తీసి, నేలంతా రుద్దేవారు. భద్రమ్మ తొండంతో నీళ్లు చిమ్మేది. బండలు అద్దంలా మెరిసేవి. ఆ మెరుపు చూసి మృగరాజు రెండేళ్లు వరసగా 'శుభ్రమైన బడి' జెండా ఇచ్చాడు. మూడోసారి కూడా గెలిస్తే ఆ జెండా ఇక ఎప్పటికీ ఆ బడిదే.

రాజు రావడానికి ఇంకా నెల ఉందనగా, వాగులో ఉండే కప్పమ్మ ఏడుస్తూ వచ్చింది.

"భద్రమ్మ తల్లీ! నా పిల్లలు ఒక్కొక్కరే వెల్లకిలా తేలిపోతున్నారు. నీళ్లలో ఏదో కలుస్తోంది. మిగిలినవాళ్లనైనా కాపాడు తల్లీ!"

"ఇంకేముంది, పైన బురదలో పొర్లే పందుల పనే!" అంది కోతి పిల్ల.

"కాదు, పైరేవులో దిగే గేదెల పని!" అంది నెమలి పిల్ల.

భద్రమ్మ చెవులు విదిల్చింది. "వాళ్ల సంగతి తర్వాత. ముందు మన బడి సంగతి చూసి రండి. చూడనిది మాత్రం చెప్పకండి."

కోతి చెట్టెక్కి చూసింది. "అంతా తళతళలాడుతోంది గురువుగారూ!"

నెమలి వాకిలంతా తిరిగి చూసింది. "ఒక్క ఎండుటాకైనా లేదు గురువుగారూ!"

ముంగిస పిల్ల చురకమ్మ మాత్రం కడిగిన నీళ్లు పోయే తూములో దూరింది. దూరి, దూరి, ఒళ్లంతా నురగతో వాగు ఒడ్డున బయటపడింది.

"వాగులో కలిసేది మన కుంకుడు నురగే గురువుగారూ!" అంది ఆయాసపడుతూ.

కోతికి రోషం వచ్చింది. "మురికి వదిలించే కుంకుడు చెరుపు చేస్తుందా? పైగా ఇది గురువుగారు పెట్టిన పద్ధతి!"

చురకమ్మ వాదన పెట్టుకోలేదు. మూడు కుండలు తెచ్చింది. ఒకదాంట్లో పందులు పొర్లే చోటి నీళ్లు, ఇంకోదాంట్లో గేదెల రేవు నీళ్లు, మూడోదాంట్లో తూము నీళ్లు పోసింది.

కప్పమ్మ మొదటి కుండలో కాలు పెట్టింది. "బురదే, బాధ లేదు." రెండో కుండలో పెట్టింది. "వాసనే, బాధ లేదు." మూడో కుండలో పెట్టీ పెట్టగానే "అమ్మో, మంట!" అని ఎగిరి దూకింది.

భద్రమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నాదే కప్పమ్మా. మా నేల చూసి మురిసిపోయాను గానీ, నీ ఇల్లు చూడలేదు."

మర్నాడే పద్ధతి మారింది. నేల ఊడ్చి ఉత్త నీళ్లతో కడిగారు. జిడ్డు మరకలకే కాస్త కుంకుడు. పిల్లలు కాలువ తవ్వి, తూము నీళ్లను అరటి పాదులకు మళ్లించారు. వంతులవారీగా వెళ్లి కప్పమ్మ క్షేమం కనుక్కునేవారు.

నెల తిరిగింది. మృగరాజు వచ్చాడు, బండలు చూసి ముఖం చిట్లించాడు.

"నేల మెరవడం లేదేం? ఇలా ఉంటే జెండా ఎలా ఇచ్చేది?"

కోతి గురువుగారి వెనక నక్కింది. చురకమ్మ మాత్రం ముందుకు వచ్చింది.

"మహారాజా, మా బడి ఈ గోడల దగ్గరే అయిపోదు. వాగు దాకా రండి."

వాగు తేటగా ఉంది. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. కప్పమ్మ పిల్లలకు తోకలు పోయి కాళ్లు వచ్చాయి, ఒడ్డున ఒకటే గంతులు! ఒక బుడత ఏకంగా రాజుగారి పాదం మీదికే దూకింది.

రాజు జరిగిందంతా విన్నాడు. కడుపునిండా నీళ్లు తాగి, మీసాలు తుడుచుకుని నవ్వాడు.

"జెండా ఇక మీదే. ఏ గుమ్మానికి కడతారు?"

"గుమ్మానికి కాదు మహారాజా, ఆ తూము మీద కడతాం," అంది భద్రమ్మ. "రోజూ అక్కడికి వెళ్లి చూడడం మరిచిపోకుండా."

పిల్లలూ, మన ఇల్లు మెరిస్తే చాలదు. మన ఇంట్లోంచి బయటికి పోయేది ఎవరినీ బాధించనప్పుడే మనం శుభ్రంగా ఉన్నట్టు.