రెల్లు దుబ్బు మీద నెమలిగారి తీర్పు

కాలవ గట్టు పక్కన ఒక తోట ఉంది. మనుషులు పట్టించుకోక బాగుపడ్డ తోట. దానికో అధ్యక్షుడు కూడా ఉన్నారు, నెమలిగారు. ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి. అందగాళ్ళని ఎవరూ ఎన్నుకోనక్కర్లేదని ఆయన అభిప్రాయం.

పుష్యమాసంలో ఒక పొద్దున ఆయన కన్ను రెల్లు దుబ్బు మీద పడింది. ఆశ్వయుజంలో తెల్లటి పూలతో ఊగిన దుబ్బే, ఇప్పుడు నిలువునా ఎండిపోయింది. దాని అడుగున పూరేడు పిట్ట ఐదు గుడ్లు పొదుగుతోంది.

“ఛీ ఛీ! చచ్చిన గడ్డి ఇక్కడెందుకు? పీకించి, పట్నం బంగళాల్లోలాగా తివాచీ గడ్డి వేయిస్తాను,” అన్నారు నెమలిగారు.

 పూరేడు గబగబా బయటికొచ్చింది.

“అయ్యా, అది చావలేదండీ, ఎండిందంతే. వేళ్ళు బతికే ఉన్నాయి, వానలు పడితే మళ్ళీ లేస్తుంది. ఈలోగా దాని గింజలు జీనువాయి పిట్టలు తింటాయి, దాని చాటున నా పిల్లలు పెరుగుతాయి. తమరి తివాచీ గడ్డిలో దాక్కోవాలంటే చీమైనా ఒంగోవాలి.”

“నీ గుడ్ల కోసం తోట అందం పాడుచేసుకోనా? ఏమోయ్ పందికొక్కూ, రా!”

పందికొక్కుకి తవ్వడం తప్ప వేరే ఆలోచన లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అలాంటివాళ్ళకి ఎక్కడైనా మంచి పేరే.

పూరేడు తలొంచి దణ్ణం పెట్టింది. “సరే అయ్యా, తమ మాటే మాట. రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా, ఆ రూలేదో గోడెక్కి అందరికీ చెప్పండి.”

గోడెక్కమంటే ఆయనకి పండగే.

“ఎండిందీ రాలిందీ ఏదైనా సరే, ఇక తోటలో ఉండటానికి వీల్లేదు! ఎవరికీ మినహాయింపు లేదు!”

“విన్నావుగా అన్నా,” అంది పూరేడు పందికొక్కుతో. “ముందు రాలినవాటితో మొదలుపెట్టు.”

పందికొక్కు తోటంతా కలియజూసింది. గోడ దిగుతున్న అధ్యక్షులవారి వెనక భాగం కనబడింది. రెండు నెలల కిందటే పింఛమంతా ఊడిపోయి అక్కడ బోసిగా ఉంది. అందరికీ తెలిసిన సంగతే, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. పందికొక్కు మాత్రం మొహమాటపడకుండా ఆయన కాలు పట్టుకుని ఈడ్చింది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నేను అధ్యక్షుణ్ణిరా!”

“రాలింది తమకేగా అండీ.”

“రాలితే ఏం? వానలొస్తే మళ్ళీ వస్తుందిరా!”

జీనువాయి పిట్ట ఒకటి కిసుక్కున నవ్వింది. పూరేడు మాత్రం ఎంతో వినయంగా, “నేనూ అదేగా అయ్యా, ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను,” అంది.

నెమలిగారు రూలు వెనక్కి తీసుకున్నారు. ఈసారి గోడెక్కలేదు, గొంతూ లేవలేదు. పూరేడు పరుగున వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. అవింకా వెచ్చగానే ఉన్నాయి.

నీతి: ఒకరు ఎండిపోయారని తీర్పు చెప్పేవాళ్ళు, తమకేం రాలిందో ముందు వెనక్కి తిరిగి చూసుకోవాలి.