కొంగ మాస్టారి కాలికింద రాయి

అనగనగా ఒక అడవిలో, కొండ మీంచి గలగలమని దిగివచ్చే వాగు ఒకటి ఉండేది. వాగుకు ఇవతల ఇళ్ళు, అవతల బడి. ఇళ్ళంటే మన ఇళ్ళలాంటివి కావర్రా. బొరియలు, తొర్రలు, పొదలు. బడి మాత్రం అచ్చం మన బడే. లెక్కలు, అల్లరి, చివరి వరసలో కునికిపాట్లు, అన్నీ ఉండేవి.

ఆ బడికి కొంగ మాస్టారు పెద్దదిక్కు. రోజూ పొద్దున్నే ఆయన వాగు మధ్యకు వెళ్ళి నిలబడేవారు. నీళ్ళు ఆయన మోకాలి కిందే ఉంటే "దాటండర్రా!" అని కేకేసేవారు. మోకాలు మునిగితే "ఇవాళ సెలవు!" అనేవారు. ఎన్నో ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఆయన మోకాలంటే అడవి మొత్తానికీ నమ్మకం. సెలవన్న రోజున పిల్లలకు ఆ మోకాలి మీద ప్రేమ కూడా పొంగుకొచ్చేది.

బడి పిల్లలు ఒక పత్రిక నడిపేవారు. దాని పేరు 'వాగొడ్డు వార్తలు'. లేత టేకాకు మీద ముల్లుతో గీస్తే ఎర్రగా గీత పడుతుంది చూశారూ? అలా రాసి, ఆ ఆకును రేవు దగ్గరి రేగుకంపకు గుచ్చేవారు. నీళ్ళకు వచ్చిన ప్రతివాళ్ళూ ఆగి చదువుకునేవారు. ఉడత పిల్ల చిట్టిలి రాసేది. దాని అక్షరాలు ముత్యాలే. ముంగిస పిల్లవాడు బొంగరం వార్తలు తెచ్చేవాడు. ఏదుపంది పిల్ల సూదమ్మ కలాలు ఇచ్చేది. ఎక్కణ్ణించి తెచ్చేదని అడక్కండి, దాని వీపు నిండా కలాలే!

మొదట్లో ఆ పత్రిక ఎంత ఘోరంగా ఉండేదో చెబితే నవ్వుతారు.

ఒకరోజు పెద్ద పెద్ద అక్షరాలతో 'తేనెపట్టు మొత్తం మింగేసిన ఎలుగు మామ' అని రాశారు.

"ఎవరు చూశారు?" అని అడిగారు కొంగ మాస్టారు.

"అందరూ అనుకుంటున్నారండి," అన్నాడు బొంగరం.

"అందరూ అంటే ఎవరు నాన్నా? వాళ్ళకు పేర్లుంటాయి కదా?"

బొంగరం వెతుక్కుంటూ పోయాడు. పోయి పోయి చూస్తే ఆ అందరూ కలిసి ఒక్క కాకి అయ్యారు. ఆ కాకి కూడా చూడలేదట. కలగందిట.

ఇంకోసారి 'దారంతా తవ్విపారేసిన అడవిపంది పిన్ని' అని రాశారు.

"ఇది మా కళ్ళతో చూశాం మాస్టారూ!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"బాగుంది. మరి పిన్నిని అడిగారా?"

అడగలేదు. వెళ్ళి అడిగితే పిన్ని కళ్ళు ఒత్తుకుంది. "పల్లేరుకాయలు మీ కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని, ఆ తీగల్ని వేళ్ళతో సహా పెకలిస్తున్నానర్రా. దానికి నా పేరు ఇలా ఎక్కించారా?" అంది. ముగ్గురూ తలలు దించుకున్నారు.

మూడోసారి పరుగుపందెం గురించి రాశారు. బొంగరం గెలిచాడని ఆకు నిండా పొగిడారు.

"ఈల వేయకముందే మీవాడు పరుగు మొదలుపెట్టాడు కదమ్మా, ఆ సంగతేదీ?" అన్నారు మాస్టారు.

"చోటు చాల్లేదండి," అంది చిట్టిలి.

"ఆకు కింద ఇంకా బెత్తెడు ఖాళీ ఉంది. మనవాళ్ళ కోసం ఏం దాచుకున్నామో కూడా చూసుకోవాలి తల్లీ."

ఆయన ఎప్పుడూ తిట్టలేదు. దిద్దిపెట్టండి మాస్టారూ అని బతిమాలినా దిద్దేవారు కాదు. "ఆకు మీది, అక్షరం మీది," అని నవ్వేవారు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. మెల్లమెల్లగా పత్రిక కూడా బాగుపడింది. 'వాగొడ్డు వార్తల్లో పడిందా? అయితే నిజమే' అనే మాట అడవిలో పుట్టింది.

శ్రావణమాసం వచ్చింది. వాగు లావెక్కింది. ఒకనాడు పొద్దున మాస్టారు ఎప్పటిలాగే నిలబడి "దాటండర్రా!" అన్నారు. దూది అనే కుందేలు పిల్ల అందరికన్నా ముందు నీళ్ళలో దిగింది. సగం దూరం పోయేసరికి దాని కాళ్ళకు నేల అందలేదు. నీళ్ళు దాన్ని ఈడ్చుకుపోయాయి. పాపం, తుంగదుబ్బు ఒకటి అడ్డం రాబట్టి బతికింది. ముందుకాలు మాత్రం బూరెలా వాచింది.

అడవి ఏమందో తెలుసా? అయ్యో అనలేదు. "మాస్టారు దాటమన్నాక మునగడమేమిటి? తిన్నగా పోకుండా పక్కకు పోయుంటుంది. ఒట్టి అల్లరి పిల్ల!" అంది.

"నేను పక్కకు పోలేదమ్మా," అని దూది ఏడ్చింది.

"నోర్ముయ్! మాస్టారి మాట తప్పవుతుందా?" అని తల్లి కనకం కసిరింది. దూదిని బడి మానిపించింది. దూది బొరియలో గోడవైపు తిరిగి పడుకుంది. గరిక పెట్టినా ముట్టలేదు.

"పత్రికలో రాద్దాం. 'అల్లరి చేసి వాగులో పడ్డ దూది' అని," అన్నాడు బొంగరం.

"దూదిని అడిగావా?" అంది సూదమ్మ.

ముగ్గురూ దూది దగ్గరికి వెళ్ళారు. దూది ఇటు తిరక్కుండానే, "మాస్టారి రెక్క తగిలేంత దగ్గరగా వెళ్ళాను. నేల అందలేదు. మీరూ నమ్మరులే," అంది.

మర్నాడు పొద్దున మాస్టారు వాగులో నిలబడగానే బొంగరం రెల్లుపుల్ల పట్టుకుని నీళ్ళలో మునిగాడు. చాలాసేపటికి పైకి తేలాడు. వాడి ముఖం పాలిపోయింది.

"మాస్టారి కాళ్ళ కింద రాయి ఉందే," అన్నాడు నెమ్మదిగా. "బల్లపరుపు రాయి. దాని మీద పాచి ఆయన అడుగుల మేర అరిగిపోయింది. చాన్నాళ్ళుగా అక్కడే నిలబడుతున్నారు. రాయి ఎత్తు ఇదిగో, ఈ గుర్తు దాకా." రెల్లుపుల్ల మీద గాటు చూపించాడు. జానెడు పైమాటే.

మాస్టారి మోకాలి కింద ఉన్నట్టు కనబడిన నీళ్ళు, నిజానికి ఆ జానెడు లోతు ఎక్కువన్నమాట. దూది తప్పేమీ లేదు.

చిట్టిలి భోరుమంది. "నేను రాయను. మాస్టారి పరువు పోతుంది."

"మనకు అక్షరం నేర్పింది ఆయనే," అన్నాడు బొంగరం కూడా.

సూదమ్మ ఏదో అనబోయింది. మాస్టారి ముఖం గుర్తొచ్చి ఊరుకుంది. ఆఖరికి ముగ్గురూ కలిసి ఆకు మీద ఇలా రాశారు: 'వానాకాలం కాబట్టి వాగు దాటేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉండవలెను.'

చదివినవాళ్ళందరూ "అవునవును, ఉండవలెను," అని తలూపారు. మర్నాడు మాస్టారు దాటమనగానే దాటారు. ఇంకేం చేస్తారు మరి? ఎవరినీ నొప్పించకుండా రాసిన ఆ ముక్క ఎవరికీ ఉపయోగపడలేదు. ఆ రోజు దుప్పి పిల్ల ఒకటి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున మేస్తున్న అడవిదున్న కొమ్ములు అడ్డం పెట్టి లేపకపోతే దాని తల్లికి కడుపుకోతే మిగిలేది.

"ఇదీ పక్కకే పోయుంటుంది," అన్నారు పెద్దలు.

సూదమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పదండి. ఎవరి గురించి రాస్తామో వాళ్ళని అడగాలి కదా. అడుగుదాం," అంది.

బడి విడిచిన తర్వాత కొంగ మాస్టారు మద్దిచెట్టు కింద ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. ముగ్గురూ ఎదుట నిలబడ్డారు. సూదమ్మే అడిగింది.

"మాస్టారూ, మీరు వాగులో రాయి మీద నిలబడుతున్నారా?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. మేమే చూశాం."

ఆయన ఎత్తిన కాలు కిందికి దించారు. తర్వాత మెల్లగా అన్నారు. "పోయిన మాఘంలో మోకాళ్ళు పట్టేశాయమ్మా. బురదలో దిగబడితే కాలు పైకి రావడంలేదు. రాయి మీద కాస్త హాయిగా ఉండేది. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు. ముసలివాణ్ణయ్యానని చెప్పడానికి సిగ్గేసింది. రెండువేళ్ళ ఎత్తే కదా అనుకున్నాను."

"జానెడండి," అన్నాడు బొంగరం, ఏడుపు ఆపుకుంటూ.

"జానెడా!" మాస్టారి ముక్కు వాలిపోయింది. "అయితే దూది..."

"పక్కకు పోలేదండి."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగారు. "నా పేరు లేకుండా రాయకూడదా అమ్మా?"

చూశారా, అంత మంచి మాస్టారికీ ఒక్క క్షణం మనసు జారింది. పెద్దవాళ్ళం మేమూ ఇంతేనర్రా, ఏమనుకోకండి.

సూదమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "పేరు లేకపోతే, ఎవరి మాట విని వాగులో దిగకూడదో వాళ్ళకెలా తెలుస్తుంది మాస్టారూ?"

మాస్టారు దాని వంకే చూశారు. ఆ చూపులో సిగ్గుంది, బాధుంది. వాటి వెనక ఎక్కడో పట్టరాని సంతోషం కూడా ఉంది.

"రాసుకోండి," అన్నారు. "రాయి ఎక్కింది నేనే. చెప్పకుండా దాచిందీ నేనే. ఈపూట నేను మీ మాస్టారిని కాదు, మీ వార్తని. వార్తకు జాలి చూపించకండి."

ఆ సాయంత్రం చిట్టిలి చేయి ఎన్నిసార్లు ఆగిందో! సూదమ్మ మూడు ముళ్ళు విరిగాయి. అయినా రాశారు. 'దూది తప్పు లేదు' అని అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా రాశారు. కింద రాయి సంగతి, జానెడు సంగతి, మాస్టారి మోకాళ్ళ సంగతి, ఆయన చెప్పిన మాటలు రాశారు. ఇన్నేళ్ళూ ఆయన ఎందరిని క్షేమంగా దాటించారో అదీ రాశారు. చివర ఇంకో ముక్క పెట్టారు: 'ఇది మాకు ఒకరోజు ముందే తెలుసు. మాస్టారి మీది ప్రేమతో దాచాం. దుప్పి పిల్లకు మా క్షమాపణలు. ఇట్లు, చిట్టిలి, బొంగరం, సూదమ్మ.'

తెల్లారేసరికి రేగుకంప చుట్టూ అడవి అంతా మూగింది.

"గురువు మీదే రాస్తారా? తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?" అని కాకి అరిచింది.

అంతలో కొంగ మాస్టారు కుంటుకుంటూ వచ్చారు. అందరూ దారిచ్చారు. ఆయన పై నుంచి కింద దాకా చదివారు. మళ్ళీ ఇంకోసారి చదివారు.

"ఒక తప్పుంది," అన్నారు మాస్టారు.

చిట్టిలి గబగబా ఆకు వంక తొంగి చూసింది.

"జానెడు అని రాశారు. ఎవరి జాన? ఉడత జానా, ఎలుగుబంటి జానా? ఆ రెల్లుపుల్ల తెచ్చి ఆకు పక్కనే కట్టండి. ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకుంటారు."

బొంగరం ఎగిరి గంతేసి పుల్ల కోసం పరుగెత్తాడు. కాకి నోరు మూసుకుంది. అడవిదున్న ఒక వెదురు గడ తెచ్చి, గాట్లు పెట్టి, వాగు మధ్య పాతింది. ఇకమీదట నీళ్ళ లోతు ఆ గడే చెబుతుంది. మాస్టారు ఒడ్డున వెచ్చగా నిలబడి చూస్తే చాలు.

కానీ మాస్టారు గడ పాతేదాకా ఆగలేదు. తిన్నగా దూది బొరియ దగ్గరికి వెళ్ళారు. అంత పొడుగు మనిషీ మోకాళ్ళు సలుపుతున్నా వంగి, గుమ్మంలో ముక్కు పెట్టారు.

"దూదీ, నువ్వు చెప్పిందే నిజం తల్లీ. తప్పు నాది. నన్ను క్షమిస్తావా?"

తల్లి కనకం గుమ్మం పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. కాసేపటికి రెండు తెల్లటి చెవులు బయటికొచ్చాయి. దూది మాస్టారి వంక చూసి తలూపింది. తర్వాత కుంటుకుంటూ తల్లి దగ్గరికి వెళ్ళి, దాని ఒళ్ళో తల పెట్టుకుంది.

"నేను పక్కకు పోలేదని చెప్పాను కదమ్మా," అంది.

నీతి: మనకు ప్రాణమైనవాళ్ళ తప్పునైనా దాచకుండా చెప్పాలి. మనం దాచిన నిజం కోసం ఏ మూలో ఒక పసిప్రాణం ఎదురుచూస్తూ ఉంటుంది.