పదో పచ్చ ఈగ

మా గొర్రెల దొడ్లో అందరూ పెద్దమనుషులే. పని చేసేది మాత్రం కుక్క ఒక్కటే. మొన్నామధ్య అది నాలుగు రోజులు మందతో గుట్ట అవతలి మేతకు వెళ్లింది. నడవలేని కుంటి గొర్రెపిల్లను, కాపరి కాలికి పసుపు గుడ్డ కట్టి, దొడ్లోనే వదిలాడు. దాన్ని చూసుకునే పూచీ ఎద్దుది. ఎద్దు చాలా శ్రద్ధగా చూసుకుంది, తన గడ్డిని.

మంద సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. ఎప్పుడు పోయిందో చెప్పగలిగినవాళ్లూ లేరు. తెల్లారగానే కుక్క వెతకబోయింది. జొన్నచేలో పిల్ల తల, కాస్త తోలు దొరికాయి. కుక్క ఇంకా అక్కడే మూలుగుతుంటే నక్క దొడ్డికొచ్చి ఎద్దు ముందు గొంతు చించుకుంది.

"ఈ పొద్దున్నే చంపేశాడు పెద్దయ్యా! నా కళ్లతో చూశాను. కాపలావాడే కంఠం కొరికాడు. వీణ్ణి ఇవాళ తరిమేయకపోతే రేపు ఇంకో పిల్ల!"

"నేను చూసేసరికే అది కుళ్లిపోయింది. చచ్చి మూడు రోజులైనా అయి ఉంటుంది. అప్పుడు నేను గుట్ట అవతలున్నాను" అంది వగరుస్తూ వచ్చిన కుక్క.

జొన్నచేను ఎంతో దూరం లేదు. ఎవరైనా వెళ్లి ఒకసారి వాసన చూసొస్తే తేలిపోయే సంగతి. కానీ ముసురు పట్టి దారంతా బురద. ఎద్దుకు బురద పడదట. పుట్టినప్పట్నుంచీ దున్నుతున్నది గచ్చునేల కాబోలు. అందుకని పండితుణ్ణి పిలిపించారు.

పండితుడంటే గోదురుకప్ప. ఈగల విషయంలో దాన్ని మించినవాళ్లు లేరు. ఆ మాట అదే చెప్పింది.

"శవం ఎప్పటిదో ఈగ చెబుతుంది" అంది కప్ప గొంతు ఉబ్బించి. "తాజా మాంసం మీద ముందుగా వాలేది పచ్చ ఈగ. పచ్చ ఈగలుంటే పిల్ల ఈ పూట చచ్చినట్టే. చేలోంచి శాంపిల్ తెప్పించండి."

"నేను తెస్తాను" అంది నక్క.

ఎవరూ కాదనలేదు. బురదలోకి దిగుతానన్నవాడికి మా దొడ్లో దణ్ణం పెడతారు.

నక్కకు కావలసింది పచ్చ ఈగలు. చేలో ఏ రంగువి ఉన్నాయో ఏమో. తన బొరియ గుమ్మంలో మాత్రం కావలసినన్ని పచ్చవి ముసురుతున్నాయి. ఓ పదింటిని పట్టి ఆముదపాకులో చుట్టింది. కాళ్లకు కాస్త బురద పూసుకుంది. ఆయాసపడుతూ వచ్చింది.

కప్ప పొట్లం విప్పి ఒక ఈగను నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. మింగింది.

"పచ్చదే."

రెండోది మింగింది. "ఇదీ పచ్చదే."

"పరీక్ష చేస్తున్నావా పంతులూ, భోంచేస్తున్నావా?" అని పైనుంచి ఒక గొంతు.

పాక వాసం మీద సాలీడు. దాని గూట్లో ఏళ్ల నాటి ఈగలు ఎండి వేలాడుతుంటాయి. ఏది ఎక్కడ, ఎప్పుడు చిక్కిందో దానికి గుర్తే. మా వాళ్లకు మాత్రం అది చీపురుతో దులపాల్సిన చెత్త.

"చదువుకున్నవాళ్లు మాట్లాడుతున్నారమ్మా, నువ్వుండు" అంది ఎద్దు.

తొమ్మిది మింగాక కప్ప త్రేన్చింది. "అన్నీ పచ్చవే. పిల్ల ఈ పొద్దున్నే చచ్చింది."

"ఇక నడువురా" అని ఎద్దు కుక్కవైపు కొమ్ములు వంచింది. కుక్క ఒకసారి మంద వైపు చూసి లేచింది.

"ఆగు తమ్ముడూ" అంటూ సాలీడు దారం పట్టుకుని జర్రున దిగింది. కప్ప నాలుక సాచేలోపే పదో ఈగను లాగేసుకుని, తిప్పి తిప్పి చూసింది.

"పచ్చ ఈగల్లో రెండు రకాలు పెద్దయ్యా. రంగు చూస్తే తేడా తెలీదు. భుజం దగ్గర ఊపిరి పీల్చే సన్నని రంధ్రం చూడాలి. ముందొచ్చే రకానికి అది నల్లగా ఉంటుంది. దీనికి చూడండి, తెల్లగా ఉంది. ఈ రకం మాంసం కుళ్లి, అందులో ముందొచ్చిన ఈగల పురుగులు పడ్డాక గానీ రాదు. దీని పిల్లలకు ఆ పురుగులే మేత. అంటే మూడో రోజు లెక్క."

ఎద్దు నెమరెయ్యడం ఆపింది. మా దొడ్లో అంతకంటే పెద్ద విశేషం ఉండదు. "అయితే పిల్ల చచ్చి మూడు రోజులైందా?"

"కాదు, కాదు!" నక్క గాభరాగా ముందుకొచ్చింది. "ఆ ఈగలు చెల్లవు. అవసలు పిల్ల మీదివే కావు!"

"మరెక్కడివి?"

"మా గుమ్మంలోవి."

అన్నాక నక్క నోరు మూసుకుంది. ఒక్క మాట ముందే మూసుకోవాల్సింది.

"మీ గుమ్మంలో మూడు రోజులుగా ఏం కుళ్లుతోందిరా?" అంది సాలీడు మెల్లగా.

కుక్క జవాబు కోసం ఆగలేదు. బొరియ దాకా పరుగెత్తి వెళ్లి, ఒక కాలు కరచుకొచ్చి ఎద్దు ముందు పెట్టింది. కుంటికాలు. కాపరి కట్టిన పసుపు గుడ్డ ఇంకా దానికే ఉంది.

ఆ వెంటనే నక్కను తరిమింది. ఏ బురద తప్పించుకుందామనుకుందో, ఆ బురదలోనే నక్క పొట్టదాకా కూరుకుంటూ గుట్ట దాటింది. మళ్లీ ఇటు రాలేదు.

"నాకూ అనుమానం వచ్చింది సుమా, రుచి కాస్త తేడాగా ఉంది" అంది కప్ప. ఎద్దు అవునన్నట్టు తలూపి, మళ్లీ నెమరు మొదలుపెట్టింది.

నీతి: సాక్ష్యాన్ని మింగేవాణ్ణి పండితుడన్నా, దాన్ని తెమ్మని ఫిర్యాదు చేసినవాణ్ణే పంపినా, వేటు ముందుగా పడేది కాపలా కాసేవాడి మీదే.