దుబాసీ చిలుక

ఉప్పుదేశంలో ఒక బడి ఉండేది. మంచుదేశంలో ఇంకొకటి. ఇద్దరు రాజులూ ఏదో పెళ్లిలో కలిసి తాగి కావలించుకున్నందువల్ల, ఈ రెండు బళ్లూ స్నేహం చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది.

బడి గోడలకు చెరో తెర బిగించారు. ఇక్కడ నిలబడితే అక్కడ కనిపిస్తారు, అక్కడ తుమ్మితే ఇక్కడ వినిపిస్తుంది. ప్రతి శుక్రవారం ఒక గంట. ఏడాది తిరిగేసరికి పిల్లలు ఒకరినొకరు అర్థం చేసుకుని తీరాలి. లేదంటే తెరలు విప్పి పశువుల ఆసుపత్రికి ఇచ్చేస్తారు.

ఒకరి మాట ఒకరికి రాదు కనక దుబాసీ కావలసి వచ్చింది. వెతగ్గా వెతగ్గా రెండు భాషలూ వచ్చిన చిలుక ఒకటి దొరికింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని దాని నమ్మకం. రెండు దేశాలు మంచివి కావాలి కదా అని, అది నోటిని మరీ మంచి చేసుకుంది.

మొదటి శుక్రవారం మంచుదేశపు ఎర్రజుట్టు కుర్రాడు, "వీళ్ల చెప్పులేవీ? పారేసుకున్నారా?" అన్నాడు.

"మీరు కన్నతల్లిలాంటి నేలను నేరుగా తాకుతారని మెచ్చుకుంటున్నాడు," అంది చిలుక.

నూకాలనే పదకొండేళ్ల పిల్ల లేచి, "ఆళ్లు ఆ బొంతలతోనే పుట్టారేటి?" అంది. వాళ్లమ్మ రేవులో చేపలు ఎండబెడుతుంది.

"మీ వస్త్రకళకు జోహార్లంటోంది," అని అటు చెప్పింది చిలుక.

ఇలా ఆరు నెలలు గడిచాయి. రెండు వైపులా పిల్లలు కునికిపాట్లు పడేవారు. చిలుక మాత్రం, తాను లేకపోతే ఈపాటికి యుద్ధమే జరిగి ఉండేదని రొమ్ము విరుచుకునేది.

ఉప్పుదేశపు బడి పంతులమ్మకు అనుమానం వచ్చింది. "ఆ అబ్బాయి అన్నది మూడు ముక్కలు. నువ్వు చెప్పింది మూడు నిమిషాలు. మిగతాది ఎక్కణ్ణించి తెచ్చావు?"

"భావంలోంచి అమ్మా," అంది చిలుక.

గొంతు తియ్యగా ఉండాలని అది పూటపూటా తేనె తాగేది. ఏడో నెలలో గొంతు పూడుకుపోయింది. "ఏడాది ముగిసేదాకా నోరు తెరవకు. తెరిస్తే ఇక ఈల తప్ప ఏమీ మిగలదు," అన్నాడు వైద్యుడు. చిలుక మెడకు ఉన్నిగుడ్డ చుట్టుకుని, తెర మీద ఎక్కి కూర్చుంది. పంతులమ్మ మాత్రం తరగతి ఆపలేదు.

ఆ శుక్రవారం పాఠం, ఇంటి తిండి. నూకాలు పళ్లెంలో ఎండు నెత్తళ్ల చేపలు పెట్టి చూపించింది. ఎర్రజుట్టు కుర్రాడు ముక్కు మూసుకుని నాలుక బయటపెట్టాడు. అటువైపు బెంచీలన్నీ నవ్వాయి.

'నేనే ఉంటేనా, నోరూరి నాలుక చాపాడనేదాన్ని,' అని చిలుక విలవిల్లాడింది.

నూకాలు ఏడవలేదు. ఆ నెత్తళ్ల దగ్గర వాళ్లమ్మ ఎర్రటెండలో కూర్చుని కాకుల్ని తోలుతుంది. కుర్రాడు తన వంతుగా బూజుపట్టిన జున్నులాంటి పాలముద్ద ఒకటి పైకెత్తగానే, నూకాలు ముక్కు మూసుకుని కడుపులోదంతా కక్కుతున్నట్టు అభినయించింది. కుర్రాడి మొహం పాలిపోయింది. "మా తాత చేశాడు!" అని అరిచాడు. అది ఒక్క చిలుకకే అర్థమైంది.

ఆపైన తిట్లు మొదలయ్యాయి. రెండు భాషల్లోనూ అలాంటి మాటలున్నాయని చిలుక ఎరగదు. తల రెక్కకింద దాచుకుంది.

మరుసటి శుక్రవారం గంట కొట్టకముందే పిల్లలంతా తెర ముందున్నారు. ఒక్కడూ కునకలేదు. మూడో వారానికి నూకాలుకు మంచుదేశపు తిట్లు నాలుగొచ్చాయి. కుర్రాడు "గాడిద" అని ఇక్కడివాళ్లకన్నా స్పష్టంగా అంటున్నాడు. చిలుక మనసులోనే రాజీనామా రాసుకుంది.

నాలుగో వారం కుర్రాడు మళ్లీ ముక్కు పట్టుకున్నాడు. తిట్టబోయిన నూకాలు ఠక్కున ఆగింది. వెళ్లి తెరకు ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

"పంతులమ్మా, ఇందులోంచి వాసన రాదు కదా! మరి మా నెత్తళ్లు కంపని ఆడికెలా తెలిసింది?"

"ఆ ముద్ద కంపని నీకెలా తెలిసిందో, అలాగే," అంది పంతులమ్మ.

నూకాలు చెవులు వేడెక్కాయి. తర్వాత కుర్రాణ్ణి చేత్తో పిలిచి, తెరకు ముక్కు ఆనించి చూపించింది. వాడు అటువైపు ఆనించాడు. పీల్చాడు. తెల్లబోయాడు. దుమ్ము లోపలికి పోయి పెద్దగా తుమ్మాడు. ముందు ఎవరు నవ్వారో చిలుక పోల్చుకోలేకపోయింది.

నూకాలు నెత్తళ్ల తలలు తుంచి నోట్లో వేసుకుని, ఎలా నమలాలో చూపించింది. కుర్రాడు పాలముద్ద మీద బూజును వేలితో రాసి నాకాడు. నూకాలు ఒళ్లు జలదరించింది. అయినా చూపు తిప్పుకోలేదు.

ఏడాది ముగిసింది. పరీక్ష పెట్టడానికి మంత్రి వచ్చాడు. చిలుకకు గొంతు బాగయింది. మంత్రి కోసం తియ్యటి వాక్యాలు పన్నెండు సిద్ధం చేసుకుంది.

"కానివ్వండి," అన్నాడు మంత్రి.

నూకాలు తెరవైపు తిరిగి ఒకే ఒక్క మాట అంది. కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ మాటనే కొంచెం మెలితిప్పి తిరిగి అన్నాడు. రెండు దేశాల్లోనూ బెంచీలు దబదబలాడాయి.

"ఏమన్నారు?" అన్నాడు మంత్రి.

చిలుక ముక్కు తెరిచింది. ఆ మాట ఉప్పుదేశానిది కాదు. మంచుదేశానిదీ కాదు.

"తెలియదు ప్రభూ," అంది. పుట్టి బుద్ధెరిగాక అది ఆ మాట అనడం అదే మొదలు.

"దుబాసీకే తెలియకపోతే నేనేం రాసుకోను? వీళ్లకు అవగాహన లేదని రాసెయ్యనా?"

చిలుక తెర మీంచి దిగి వచ్చి, నూకాలు కూర్చున్న బెంచీ చివర వాలింది.

"కాస్త జరుగు. మళ్లీ ఒకసారి అను, నిదానంగా," అంది.

మంత్రి కలం గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. నూకాలు జరిగి చోటిచ్చింది.