ఇసుకతిప్ప దానం

పూర్వం, సముద్రానికింకా చెలియలికట్ట కుదరని కాలంలో, తరంగశ్రవుడనే మహాతపస్వి తపోభూమిని వెదుకుతూ, అరణ్యాలన్నీ తిరిగి, కొండలన్నీ ఎక్కి దిగి, జడలు నెరిసిన వయసులో ఒక ప్రాతఃకాలాన కడలితీరం చేరి, ఎదుటి దృశ్యానికి కమండలం జారవిడిచి పసివాడిలా కేకపెట్టాడు. అటు మహాసాగరం హోరెత్తుతోంది. ఇటు అఖాతం పళ్ళెంలో పాలలా నిద్రపోతోంది. నడుమ, ఆదిశేషుడు ఎండకు వెన్ను కాచుకుంటున్నట్టు, బంగారు ఇసుకతిప్ప!

"ఇదే! ఇదే నా చోటు!" అంటూ కొసదాకా పరుగెత్తి, ఒక కాలు అఖాతంలో, ఒక కాలు సాగరంలో పెట్టి పకపకా నవ్వాడు. ఆనక ఋషులందరూ చేసే పనే చేశాడు. రాజు దగ్గరికి పోయాడు.

తమది కానిది దానం చెయ్యడమంటే రాజులకు మహా ఉత్సాహం. శత్రుభయంకరుడు, మణికుండల శోభితుడు అయిన చండకేతు మహారాజు స్వర్ణకలశంతో, సేనతో తరలివచ్చి, "మునీంద్రా! ఈ సైకతభూమిని మీకు ధారపోస్తున్నాను. ఈ జాలరులను సాయంకాలానికల్లా వెళ్ళగొట్టిస్తాను" అన్నాడు.

ముని వెనుదిరిగి చూశాడు. జాలరులా? ఆరవేసిన వలలు, బోర్లించిన తెప్పలు, పొయ్యిరాళ్ళు అప్పుడు కనబడ్డాయి. పొద్దున వాటిమీదుగానే దూకాడు. ఆనందంలో కంటికి ఆనలేదు.

నూకాలనే ముసలి జాలరిది చేపలగంప దించి ముందుకొచ్చింది.

"ఏటి రాజుగోరూ! ఈ ఇసకమీద ఒక్కనాడైనా వల దులిపినారేటి, దానం సెయ్యడానికి?"

భటులు ఈటెలెత్తారు. ఆమె వాళ్ళను లెక్కచెయ్యక మునివైపు తిరిగింది.

"సామీ, పొద్దున్న నా వల తొక్కుకుంటా గెంతినావు. సంబరంలో ఉన్నాడు, పోన్లే అనుకున్నాను. కూకోడానికి సోటు కావాలంటే మమ్మల్నడిగితే ఇచ్చీవోలం కాదేటి? రాజునడిగినావేటి?"

ఇంద్రుడు పంపిన అప్సరసలకు చలించని ఆ జితేంద్రియుడు ఆ మాటకు చలించాడు.

మంత్రఘోష నడుమ రాజు కలశం వంచాడు. అరచేత ధార పడిందా, దానం పూర్తి. జన్మంతా వెదికిన చోటు గుక్కెడు నీటి దూరంలో ఉంది. ముని చెయ్యి చాచాడు. చాచి, వెనక్కి లాగేశాడు. నీళ్ళు ఇసుకమీద పడి ఇంకిపోయాయి.

"తపోధనా! ఏమిటీ అవమానం?"

"ఈ నేల నీది కాదు. నేను పట్టను. పో!"

"ఈ జనాన్ని ఈడ్చెయ్యండి!" అని రాజు గర్జించేలోగా అల చీలింది. పాశహస్తుడు, మకరవాహనుడు, జలాధిపతి వరుణదేవుడు లేచి నిలిచాడు.

"రాజా! జలధారకు సాక్షిని నేను. ఆ ధారను ఇసుక పుచ్చుకుంది. ఇక ఈ తిప్పమీద నీ సరిహద్దురాయి నిలవదు. సాగరానికీ ఇదే చెలియలికట్ట. హోరెత్తవచ్చు గాని మింగరాదు!"

రథచక్రాలు ఇరుసుదాకా కూరుకుపోగా రాజు కాలినడకన ఇంటిదారి పట్టాడు.

"మునీ, నీకేం వరం కావాలి?" అన్నాడు వరుణుడు.

ముని దేవుడివైపు చూడలేదు. నూకాలు ముందు చేతులు జోడించాడు. "అమ్మా, కూర్చోడానికింత చోటు..."

ఆమె పడీపడీ నవ్వింది. "ఇందాకే అడగొచ్చు గదేటి! ఆ వల ఓరకి జరుపుకోని కూకో. ఈసారి తొక్కకు!"

సాగరం తన హోరులోకి, అఖాతం తన నిద్రలోకి మళ్ళాయి. తెప్పలు నీట దిగాయి. ఈ కథ విన్నవారికి ఎవరి ముందూ తలవంచకుండా నిలబడే చోటు దక్కుగాక!