మొరగనివారి గడి

ఈ మాట నేను ఇంతవరకూ పైకి అనలేదు. నలభైమూడో నంబరు కుక్క ఆస్పత్రి వీధిలో ఉంటుందని కొత్వాలుగారికి చెప్పింది నేనే.

ఇల్లు చెప్పలేదు. వీధి మాత్రమే చెప్పాను. అదేదో పెద్ద తేడా అయినట్టు మూడు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అసలు గొడవంతా రాజావారి కుక్కతో మొదలైంది. ఒకనాడు కొత్త తలపాగా చుట్టుకుని మోటారు దిగిన రాజావారిని చూసి ఆయన సొంత కుక్కే మొరిగింది. మర్నాడూ మొరిగింది. ఆయనకి పౌరుషం వచ్చింది.

"మన సంస్థానంలో ఏ కుక్క ఎవర్ని చూసి మొరగదో నాకు తెలియాలి. అన్నీ పుస్తకంలో ఎక్కించండి," అన్నారు.

కుక్కల దగ్గరికి పోవడానికి దివాణం గుమాస్తాలు ఒక్కరూ ఒప్పుకోలేదు. అందుకే ఆ ఉద్యోగం నాకు దొరికింది. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను.

ప్రతి కుక్క మెడకీ ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. పుస్తకంలో ఆ నంబరుకి ఎదురుగా యజమాని పేరు, ఇల్లు, కుక్క నిద్రపోయే వేళ, కరుస్తుందా లేదా. చివరి గడి పేరు 'మొరగనివారు'. ఆ కుక్క ఎవరెవర్ని చూసి ఊరుకుంటుందో వాళ్ళ పేర్లు అందులో రాయాలి.

జనం మొదట నోరు విప్పలేదు. కుక్క ఎప్పుడు నిద్రపోతుందో దొంగకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అప్పుడు రాజావారు చాటింపు వేయించారు, పుస్తకం ఎవరికీ చూపించనని. ఆ మాట నమ్మి అందరూ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆఖరికి దొంగచాటుగా పేకాట ఆడించే పాపయ్య కూడా.

నలభైమూడో నంబరు పేరు మిరియం. ఆస్పత్రి నర్సు సువార్తక్క కుక్క. ఒంటరి మనిషి, ఇంట్లో తోడు అదొక్కటే.

సంతరోజున ఆ మిరియం కొత్వాలు భూషణంగారి పట్టు తలపాగా పీక్కుని పరిగెత్తింది. సంతంతా పడీపడీ నవ్వింది. ఆయనకి దక్కింది బిళ్ళ మీది నంబరొక్కటే.

"దాన్ని కాల్చిపారేస్తాను," అంటూ మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చారు. "ఏమ్మా, ఉద్యోగం ఉండాలా వద్దా?"

వీధి చెప్పేశాను.

ఆయన జవాన్లు ఆ వీధిలో ప్రతి కుక్క మెడా తడిమి చూశారు. సువార్తక్క మిరియాన్ని ఆస్పత్రి దుప్పట్ల గదిలో దాచింది. వీధి పేరు చెప్పింది ఇంటింటికీ పాలుపోసే నూకాలమ్మేనని అనుమానపడి ఆవిడతో మాటలు మానేసింది. ఆ సంగతి నాతోనే చెప్పుకుంది. నేను తలూపుతూ విన్నాను.

నాలుగోనాడు కొలువుతీరగానే రాజావారు అడిగారు. "భూషణం, ఆ పేకాట ఇల్లు దొరికిందా?"

"రెండేళ్ళుగా గాలిస్తున్నాం ప్రభూ. ఎక్కడుందో అంతుపట్టడం లేదు. కుక్కల పుస్తకం నా ఠాణాలో ఉంటే అన్నీ తేలతాయి."

"ఎవరికీ చూపించనని మాటిచ్చానయ్యా."

"మాటిచ్చింది జనానికి. పోలీసులు జనం కాదు గదా ప్రభూ."

రాజావారికి అది సబబుగానే తోచింది. నావైపు తిరిగారు. "రాసింది నువ్వు. పోలీసులకి ఏ పద్ధతిలో చూపించాలో కూడా నువ్వే చెప్పు."

గొలుసుతో కట్టేసిన ఆయన కుక్క గుర్రుమంది. దుప్పట్ల గదిలో మిరియం గుర్తొచ్చింది.

"ఒక్కటే పద్ధతి ప్రభూ. చూడాలనుకున్నవారు ముందు తమ పేరున్న వరస నిండు కొలువులో పైకి చదవాలి. ఆ తర్వాత ఎవరిదైనా చూసుకోవచ్చు."

కొత్వాలుగారు మీసం దువ్వుకున్నారు. "నాకు కుక్కే లేదు. నా పేరెందుకుంటుంది? నాకు సమ్మతమే."

"మాట మీద ఉంటారా?" అని అడిగాను.

"ఉంటానన్నాను గదా. పుస్తకం ఇలా తే పిల్లా."

తెచ్చాను. ఆస్పత్రి వీధి పేజీ తీసి, మిగతా వరసలు అరచేత్తో మూసి, నలభైరెండు దగ్గర వేలు పెట్టాను. యజమాని, పాపయ్య. ఇల్లు, పేకాట ఇల్లు. మొరగనివారు, ముగ్గురు: పాపయ్య, పాల నూకాలమ్మ, కొత్వాలుగారు.

ఆయన చూశారు. మళ్ళీ చూశారు. మీసం మీది చెయ్యి కిందికి జారింది.

"చదవవయ్యా," అన్నారు రాజావారు.

"కళ్ళజోడు ఇంటిదగ్గర మర్చిపోయాను ప్రభూ. అక్షరాలు ఆనడం లేదు."

"ఆ కుక్క కళ్ళజోడు లేకుండానే మిమ్మల్ని గుర్తుపట్టింది, కొత్వాలుగారూ," అన్నాను.

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజావారు ముందుకి వంగారు. "ఏ ఇంటి కుక్కమ్మా?"

"చెప్పకూడదు ప్రభూ. తమరు మాటిచ్చారు."

కొత్వాలుగారు చటుక్కున పుస్తకం మూసేశారు. "నాకు ఏ పుస్తకమూ వద్దు ప్రభూ. ఆ నలభైమూడుతోనూ నాకు పేచీ లేదు. తలపాగానే గదా, ఇంకోటి కొనుక్కుంటాను."

రాజావారు నవ్వడం మొదలెట్టారు. నవ్వి నవ్వి తలపాగా జారి ఒళ్ళో పడింది. గుర్రుమంటున్న కుక్క ఆ బోడితల చూసి గభాల్న గొలుసు ఈడ్చుకుంటూ, తోకాడిస్తూ వచ్చి ఆయన కాళ్ళు నాకింది. కొలువు మొత్తం గొల్లుమంది.

"ఇకమీదట ఇదే కట్టడి," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "పుస్తకం తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. ఇంకేం కావాలో కోరుకో."

మా సంస్థానంలో టెలిఫోనులు మూడే. ఒకటి దివాణంలో, ఒకటి ఠాణాలో, ఒకటి ఆస్పత్రిలో.

"ఆస్పత్రికి ఒక్కసారి టెలిఫోను చేసుకోనివ్వండి ప్రభూ."

మిరియాన్ని బయటికి వదలమనీ చెప్పాలి. కానీ అది రెండో మాట.

'నూకాలమ్మ కాదక్కా, నేనే,' అన్నది మొదట చెప్పాలి.