క్లిప్పులు తియ్యని బుల్లి పడవ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. పేరడక్కు, నాకు గుర్తులేదు. ఆ ఊళ్ళో పోలయ్య అని పడవలు చేసే పెద్దాయన ఉండేవాడు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, దోమలు కుడతాయి. ఆఁ, పోలయ్య.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. కొత్త పడవ చేస్తే, అచ్చం అలాంటిదే మూరెడు బుల్లి పడవ కూడా చెయ్యాలి. గంగమ్మ గుడి ముందు గంగాళంలో నీళ్ళు పోసి అందులో వదలాలి. అది మూడు చుట్లు తిరిగితేనే పెద్ద పడవ సముద్రంలోకి దిగాలి. మునిగిందా, ఇంకో పున్నమి దాకా ఆగాల్సిందే.

పోలయ్యకి నూకరత్నం అని ఒక్కతే కూతురు. తుఫానులో వాళ్ళ పడవ కొట్టుకుపోయింది. అప్పట్నుంచి ఆమె మొగుడు దానయ్య ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. ఇంట్లో పొయ్యి ఒక పూట వెలిగితే ఇంకో పూట వెలగదు. అందుకని పోలయ్య ఆర్నెల్లు కష్టపడి వాళ్ళకోసం పెద్ద పడవ చేశాడు. చేపలు పడే రోజులు అయిపోవస్తున్నాయి. ఈ పున్నమికి దిగకపోతే ఈ ఏడాదికి ఇంక పస్తులే. పున్నమికి నాలుగు రోజులే ఉన్నాయి.

బుల్లి పడవలు అదివరకు పోలయ్య భార్య చేసేది. పాపం, ఆవిడ కిందటేడు పోయింది. ఎలా చేస్తుందో ఈయనగారు ఒక్కనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు. మగ మహారాజు కదా.

మొదటి రోజు సన్న చెక్కలకి బంక రాసి, కూతురి సైడు పిన్నులు పెట్టాడు. పొద్దున్నకి పిన్నులు జారి కిందున్నాయి, చెక్కలు నోళ్ళు తెరుచుకున్నాయి. అప్పుడు, ఇంకా గట్టిగా పట్టాలి కాబోలు అనుకున్నాడు.

రెండో రోజు బట్టల క్లిప్పులు పెట్టాడు. చెక్కలు వంకరపోయాయి, పైగా క్లిప్పు పళ్ళ గాట్లు. ఇంకా గట్టిగా, అనుకున్నాడు మళ్ళీ.

మూడో రోజు, పెద్ద పడవకి చెక్కలు బిగించే ఇనప క్లాంపు ఉంటుందే, అలాంటిదే బొటనవేలంత చేశాడు. బోల్టు తిప్పాడు, తిప్పాడు, మెడ నరాలు తేలేదాకా తిప్పాడు. పొద్దున్న విప్పితే, పెనం మీంచి దోసె లేచొచ్చినట్టు చెక్క చేతిలోకి వచ్చేసింది.

పోలయ్యకి బుర్ర తిరిగిపోయింది. వదులుగా పట్టినా ఊడింది, గట్టిగా పట్టినా ఊడింది. ఎందుకంటావా? ఆయనకే తెలీక తల పట్టుకుంటే నన్నడుగుతావేం.

అప్పుడు నూకరత్నం గంజి తీసుకుని వచ్చింది. ఆయన గబుక్కున ముక్కల మీద గోనెసంచీ కప్పాడు. ఆవిడ ఊరుకుంటుందా, లాగేసింది.

"బంకంతా బైటికి పిండేశావు కదా నాన్నా. ఇంక లోపలేం మిగిలింది?"

"బిగించకపోతే ఎలా అంటుకుంటుందే?"

"అంటించేది బంక. మనం కదలకుండా పట్టుకుంటే చాలు. అమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని, కబుర్లు చెప్తూ కూర్చునేది."

పోలయ్యకి అది అర్థమూ కాలేదు, కాకా పోలేదు.

ఆ తర్వాత నూకరత్నం ఏం చేసిందీ, వెదురు పుల్లలు బెత్తెడేసి కోసింది. ఒక్కోదాన్ని సగందాకా చీల్చి, ఇంక చీలకుండా పాత సైకిల్ ట్యూబు రింగు తొడిగింది. పక్క చెక్కలకి పొడుగువి, ముక్కు దగ్గరికి సన్నవి. ప్రతిదీ ముందు తన చెవి తమ్మెకి పెట్టుకుని చూసింది. నొప్పెడితే పారేసింది, జారిపోతే పారేసింది. చెవికి వెదురు పుల్లతో కూర్చున్న కూతుర్ని చూసి పోలయ్య తెల్లమొహం వేశాడు.

ఇద్దరూ కలిసి ఆ పుల్లల క్లిప్పులతో పడవ అతికించారు. కానీ ఆ రోజంతా ముసురు. పున్నమినాటి పొద్దున్నకి కూడా బంక ఆరలేదు.

"క్లిప్పులు తియ్యకు నాన్నా, ఇలాగే తీసుకెళ్దాం."

"ఇలాగా? ముప్పై పడవలు చేసినవాణ్ణే. ఊరంతా నవ్వదూ?" అని పోలయ్య మొదటి క్లిప్పు మీద చెయ్యి వేశాడు. అప్పుడు వాకిట్లోంచి ఒడ్డుకేసి చూశాడు. దానయ్య ఉతికిన చొక్కా వేసుకుని, వల భుజాన పెట్టుకుని, పెద్ద పడవ పక్కన ఎప్పట్నుంచో నిలబడున్నాడు. పోలయ్య చెయ్యి తీసేశాడు.

గుళ్ళో పూజారి ఎర్రయ్య ఆ పడవని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఇవేంటి పోలయ్యా, తెడ్లా?" అన్నాడు. వెనకాల జనం కిసుక్కున నవ్వారు.

"కాదు. బంక ఇంకా ఆరలేదు. నాకు చేతకాలేదయ్యా. మా అమ్మాయి చేసిన క్లిప్పులతో నిలబడింది," అన్నాడు పోలయ్య. చేతకాలేదన్న మాట ఆయన నోట ఆ ఊరు ఎన్నడూ వినలేదు. నవ్వినవాళ్ళే పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చారు. నూకరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎర్రయ్య పడవని గంగాళంలో వదిలి, చేత్తో నీళ్ళు తిప్పాడు. ఒక చుట్టుకి పడవ ఒరిగింది. రెండో చుట్టుకి కాసిని నీళ్ళు లోపలికి వచ్చాయి. మూడో చుట్టు కూడా తిరిగి, పోలయ్య నిలబడ్డ వైపు అంచుకి వచ్చి ఆగింది. క్లిప్పు ఒక్కటీ జారలేదు. అప్పుడు పెద్ద పడవ సముద్రంలోకి దిగింది. ఆ సాయంత్రం నూకరత్నం ఇంట్లో చేపల పులుసు ఉడికింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరు బుల్లి పడవ చేసినా, శుభ్రంగా ఆరినా సరే, ఒక క్లిప్పు ఉంచేస్తారట. ఎందుకూ అంటే ఒకడు తెడ్డంటాడు, ఒకడు అమ్మవారి చెవిపోగంటాడు, ఇంకొకడు ఏమో మరి అంటాడు. ఎవరికీ సరిగ్గా తెలీదు. నీకూ నాకూ తెలుసు.

బుల్లి పడవ గుడికి,
పెద్ద పడవ కడలికి,
పులుసు కుండ పొయ్యికి,
కథ పోయె కంచికి,
మనం ఇంక మంచానికి.